ఇంటిపేరు ఏ గడిలో రాయాలి? గోదావరి కుటుంబాలకు పేర్ల మార్గదర్శిని

నరసాపురం, అమలాపురం, భీమవరం ప్రాంతాల్లో విదేశాలతో సంబంధం లేని వీధి ఇప్పుడు అరుదు. ఒక ఇంటి నుండి కువైట్‌కో మస్కట్‌కో పనికి వెళ్లినవారుంటారు. పక్కింటి అమ్మాయి ఫిలిప్పీన్స్‌లో వైద్యవిద్య చదువుతూ ఉంటుంది. ఎదురింటాయన రొయ్యల ఎగుమతి సంస్థలో ఉద్యోగం చేస్తూ చైనా, జపాన్, వియత్నాం కొనుగోలుదారులతో ఉత్తరప్రత్యుత్తరాలు నడుపుతూ ఉంటారు. వీరందరికీ ఎదురయ్యే చిక్కు ఒక్కటే. మన పేరులో ఏది ఇంటిపేరో అవతలివారికి తెలియదు, వారి పేరులో ఏది ఇంటిపేరో మనకు తెలియదు. మన పేరును కాగితం మీద ఎలా నిలబెట్టుకోవాలో, ఇతరుల పేరును ఎలా విడదీసి చదవాలో, ఏ ముక్కకు 'గారు' తగిలించాలో ఈ వ్యాసంలో వరుసగా వివరిస్తాను.

ముందు మన పేరును విప్పి చూడాలి

తెలుగు పేరులో ఇంటిపేరు ముందు వస్తుంది, మనిషిని పిలిచే పేరు చివర వస్తుంది. మధ్యలో వెంకట, సత్య, సూర్య, నాగ, వీర వంటివి ఒకటో రెండో చేరతాయి. చివరనున్న రావు, రాజు, మూర్తి, శాస్త్రి, బాబు వంటివి పేరులో భాగమే తప్ప ఇంటిపేరు కావు. ఈ ఒక్క మాట స్పష్టంగా తెలియకపోవడం వల్లనే దరఖాస్తుల్లో సగం తప్పులు జరుగుతున్నాయి. పాములపర్తి వెంకట నరసింహారావు ప్రధానమంత్రిగా ఉన్న 1991 నుండి 1996 వరకు విదేశీ పత్రికలు ఆయనను 'మిస్టర్ రావు' అనే రాశాయి. ఆయన ఇంటిపేరు పాములపర్తి అని అక్కడి పాఠకులకు తెలిసే అవకాశమే లేకపోయింది.

ఇనిషియల్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. మొదటి అక్షరం ఇంటిపేరుదే అనుకోవడం మనకు అలవాటు కాని అది అన్నివేళలా నిజం కాదు. కొవ్వూరు మూలాలున్న సినీ దర్శకుడు ఎస్.ఎస్. రాజమౌళి పేరులోని రెండు 'ఎస్'లు శ్రీశైల, శ్రీ అనేవాటివి. ఇంటిపేరు కోడూరి ఆ పొట్టి రూపంలో ఎక్కడా కనబడదు. తమిళుల పేరులో ఇనిషియల్ సాధారణంగా తండ్రి పేరుది. కనుక ఇనిషియల్‌ను చూసి ఎవరి ఇంటిపేరునూ ఊహించరాదు, మన ఇనిషియల్‌ను అలాగే వదిలి ఎవరికీ ఊహించే పని పెట్టరాదు.

ఇంటిపేరు ఎక్కడి నుండి వచ్చిందో తెలుసుకోవాలనుకునేవారికి సులువైన దారి ఒకటుంది. ఇంటిపేర్లలో చాలాభాగం ఊరిపేర్లే, అయితే 'ఆ ఊరికి చెందిన' అనే అర్థం వచ్చేలా ఊరిపేరు చివర కొంత మారుతుంది. ఊరు అనేది ఊరి అవుతుంది, పాడు అనేది పాటి అవుతుంది, వరం అనేది వరపు అవుతుంది. బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలని చదువుకున్నది వీటిలో మొదటి రెండు మార్పులనే. కాబట్టి చివరి ముక్కను వెనక్కి తిప్పితే ఊరు బయటపడుతుంది: ముదునూరి వారిది ముదునూరు, ఉప్పలపాటి వారిది ఉప్పలపాడు, పోలవరపు వారిది పోలవరం, గణపవరపు వారిది గణపవరం. రాజమహేంద్రవరంలో వితంతు వివాహాలు జరిపించిన వీరేశలింగం పంతులుగారి ఇంటిపేరు కందుకూరి. ఆ ఊరు గోదావరికి ఎంతో దక్షిణాన ఉన్న కందుకూరు. అంటే ఇంటిపేరు మనం ఇప్పుడున్న ఊరిని చెప్పదు, మన పూర్వులు ఎప్పుడో వదిలి వచ్చిన ఊరిని చెబుతుంది. అయితే గణపవరం పశ్చిమగోదావరిలోనూ ఉంది, చిలకలూరిపేట పక్కనా ఉంది. పేరు కలిసినంత మాత్రాన ఫలానా ఊరే మనదని తీర్మానించుకోకుండా, పాత దస్తావేజుల్లో 'ఫలానావారి కుమారుడు, ఫలానా కాపురస్తుడు' అని రాసిన వాక్యాలతోనూ, తద్దినం సంకల్పంలో చెప్పే మూడు తరాల పేర్లతోనూ సరిపోల్చుకోవాలి. తోట, నక్కా, గుర్రం, చింతా వంటి ఇంటిపేర్లకు ఈ సూత్రం పనిచేయదు. వాటి వెనుక చెట్టో జంతువో, ఎవరికో తగిలించిన మారుపేరో ఉంటుంది.

ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లోనూ కనిపిస్తుంది, ఎందుకంటే ఒక ఊరి నుండి తరలివచ్చినవారు అన్ని వర్గాలలోనూ ఉంటారు. ఇంటిపేరును బట్టి ఎదుటివారి కులాన్ని లెక్కగట్టే అలవాటు మర్యాద కాదన్నది అలా ఉంచితే, ఆ లెక్క తప్పే అవకాశం కూడా ఎక్కువే.

బారసాల నాటి పేరు, రిజిస్టరులోని పేరు

పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో బారసాల చేసి, పళ్లెంలో బియ్యం పరిచి, బంగారపుటుంగరంతో తండ్రి చేత పేరు రాయిస్తారు. ఆ బియ్యంలో తరచుగా మూడు పేర్లు పడతాయి: నక్షత్ర పాదాన్ని బట్టి వచ్చిన జన్మనామం, ఇలవేల్పు పేరో తాతగారి పేరో, ఆ తర్వాత తల్లిదండ్రులు ముచ్చటపడి ఎంచుకున్న పేరు. అన్నవరం సత్యనారాయణస్వామి, అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి, ద్రాక్షారామం మాణిక్యాంబ, భీమవరం మావుళ్లమ్మ పేరిట ఈ ప్రాంతంలో ఎందరు సత్యవతులు, నరసింహమూర్తులు, మాణిక్యాలు, మావుళ్లయ్యలు ఉన్నారో చెప్పనక్కర లేదు. తాత పేరు పెట్టిన ఇంట్లో కోడలు మామగారి పేరు పలకలేక పిల్లవాణ్ణి అబ్బులు అనో, పెదబాబు అనో, చంటి అనో పిలుస్తుంది. చివరకు ఊరంతా అలాగే పిలుస్తారు. ఇవన్నీ ఇంట్లో ఉండవలసిన పేర్లు, ఉండనివ్వాలి. అయితే జనన రిజిస్టరుకు ఎక్కించే పేరు మాత్రం ఒక్కటే కావాలి.

జననాన్ని 21 రోజుల లోపల నమోదు చేయించాలి. అప్పటికి పేరు కుదరకపోతే పేరు లేకుండానే నమోదు చేయించి, 12 నెలల లోపు రుసుము లేకుండానూ, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతోనూ పేరును చేర్పించవచ్చు. ఈ వెసులుబాటు ఉంది కదా అని బడిలో చేర్పించే నాటి వరకు ఆగడం మంచిది కాదు. సవరించిన చట్టం 2023 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చింది కనుక, ఆ రోజున గాని ఆ తర్వాత గాని పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టు మొదలైన వాటిలో పుట్టినతేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో 'బేబీ ఆఫ్ ఫలానా' అనో, ముద్దుపేరో మిగిలిపోతే ఆ తర్వాతి కాగితాలన్నీ దానితో తగువు పడతాయి.

పేరును నిర్ణయించేటప్పుడే ఆంగ్లంలో దాని అక్షరక్రమాన్ని కూడా తెల్లకాగితం మీద రాసి పెట్టుకోవాలి. లక్ష్మి అనే పేరులోని 'క్ష'ను కె-ఎస్-హెచ్ అని రాసేవారున్నారు, ఎక్స్ అని రాసేవారున్నారు. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములకు ఇంటిపేరు రెండు రకాలుగా పడిన కుటుంబాలు ప్రతి ఊరిలోనూ ఉన్నాయి. తండ్రి పాన్ కార్డులోనో పాస్‌పోర్టులోనో ఉన్న అక్షరక్రమాన్నే పిల్లలందరికీ వాడాలి.

పాస్‌పోర్టు దరఖాస్తు నింపే తీరు

ఆధార్‌లో పేరంతటికీ ఒకే గడి ఉంటుంది గనుక అక్కడ చిక్కు బయటపడదు. పాన్ దరఖాస్తులోనూ పాస్‌పోర్టు దరఖాస్తులోనూ ఇంటిపేరుకు విడిగా గడి ఉంటుంది, రెండింటిలోనూ ఇనిషియళ్లు పనికిరావు. నెట్ సెంటరులో దరఖాస్తు నింపేవారు పేరు చివరి ముక్కను ఇంటిపేరు గడిలో వేసేయడం, లేదా ఆ గడిని ఖాళీగా వదలడం మామూలు. రెండూ కూడదు. నింపేవారి పక్కన కూర్చుని, ఏ ముక్క ఏ గడిలో పడిందో తెర మీద కళ్లారా చూసి, ఆ తర్వాతనే పంపమనాలి.

ఒక కల్పిత నామాన్ని తీసుకుందాం: గణపవరపు వెంకట సత్యనారాయణ మూర్తి. ఇంటిపేరు గడిలో గణపవరపు మాత్రమే రావాలి. పేరు గడిలో వెంకట సత్యనారాయణ మూర్తి అనే మూడు ముక్కలూ ఆ వరుసలోనే రావాలి. ఇక పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరుసలుంటాయి. ఒక్కో వరుసలో 44 స్థానాలు, మొదటి వరుసలో పేరుకు దక్కేవి 39. ఇంటిపేరు ముందు వస్తుంది, దాని తర్వాత బాణపు ములుకు వంటి గుర్తులు రెండు, ఆపైన పేరులోని ముక్కల మధ్య ఒక్కొక్క గుర్తు. ఆంగ్లంలో గణపవరపుకు 12 అక్షరాలు, వెంకటకు 7, సత్యనారాయణకు 13, మూర్తికి 6, మొత్తం 38. మధ్య గుర్తులు 4 కలిపితే 42. మూడు స్థానాలు తక్కువ పడతాయి. అప్పుడు యంత్రపు వరుసలో చివరి ముక్క కురచవుతుంది. పైన అచ్చులో పేరు నిండుగానే ఉంటుంది. ఇది తప్పు కాదు, కంగారు పడనక్కర లేదు. కాని ఇంకా పుట్టబోయే బిడ్డకు నాలుగు ముక్కల పేరు ఆలోచిస్తున్నవారు ఈ 39ని గుర్తుంచుకుంటే మంచిది.

విమానం టికెట్టులో ఇంటిపేరు, వాలుగీత (/), ఆ తర్వాత పేరులోని ముక్కలన్నీ ఖాళీ లేకుండా కలిసిపోయి, చివర మిస్టర్ అనే సూచన కూడా అతుక్కుని కనిపిస్తుంది. అదీ మామూలే. చూసుకోవలసినది ఇంటిపేరూ పేరూ తారుమారు కాలేదని మాత్రమే.

ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుతో వచ్చే ఇబ్బంది వేరు. అమెరికా వీసాలో అలాంటివారి పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, పేరు గడిలో 'ఎఫ్.ఎన్.యు.' అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దాని భావం. ఆ మూడు అక్షరాలు అక్కడి డ్రైవింగ్ లైసెన్సు మీదికీ బ్యాంకు ఖాతాలోకీ పాకుతాయి. 2022 నవంబరులో యు.ఎ.ఇ. ప్రభుత్వం, పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారిని సందర్శక వీసాపై అనుమతించబోమని ప్రకటించింది. పాస్‌పోర్టు రెండో పుటలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే అంగీకరిస్తామని తర్వాత సడలింపు వచ్చింది గాని, ఏజెంటు మాట నమ్మి బయలుదేరేకంటే ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోవడం మేలు.

పెళ్లయిన స్త్రీ ఇంటిపేరు మార్చుకోవడం మన ఆచారమే గాని చట్టం విధించినది కాదు. పుట్టింటి ఇంటిపేరుతోనే పాస్‌పోర్టు ఉంచుకుని, భర్త పేరును దాని గడిలో చేర్పించవచ్చు. పదో తరగతి మార్కుల జాబితా నుండి డిగ్రీ పట్టా వరకు అన్నీ పుట్టింటి పేరుతో ఉన్న అమ్మాయికి నేను ఇదే సూచిస్తాను. శుభలేఖలోనూ పురుళ్లు, మైలల్లోనూ అత్తింటివారి లెక్కలోకి రావడానికి ప్రభుత్వ పత్రం మారనవసరం లేదు.

డెల్టాలోని ముస్లిం కుటుంబాల్లో షేక్, సయ్యద్, మొహమ్మద్, పఠాన్ అనేవి తెలుగు ఇంటిపేరులాగే ముందు వస్తాయి. ఇంటిపేరు గడిలో వాటినే రాయాలి. భార్య పేరు చివర బీబీ, బేగం ఉంటే అవి గౌరవవాచకాలు, వాటిని ఇంటిపేరుగా చూపరాదు. క్రైస్తవ కుటుంబాల్లో పాత ఇంటిపేరు అలాగే ఉండి, దానికి దానియేలు, యేసుదాసు, సువార్తమ్మ వంటి పేరు చేరుతుంది. వారికి పైన చెప్పిన పద్ధతే వర్తిస్తుంది.

యానాం చరిత్ర కొంత ప్రత్యేకమైనది. ఫ్రెంచి పాలన కింద ఉన్న భారత స్థావరాలలో, తమ సంప్రదాయ చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి పౌరచట్టం కిందికి రాదలచినవారు స్థిరమైన ఇంటిపేరు ఒకటి ఎంచుకుని నమోదు చేయించుకోవాలని 1881లో ఒక శాసనం వచ్చింది. అటువంటి పూర్వుల పత్రాలు ఉన్న కుటుంబాలు ఫ్రెంచి రిజిస్టరులోని అక్షరక్రమాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

ఎవరికి ఎక్కడ 'గారు' చేర్చాలి

మనం 'గారు'ను మనిషి పేరుకు చేరుస్తాం. ఆంగ్లేయులు మిస్టర్‌ను ఇంటిపేరుకు చేరుస్తారు. కొత్తవారితో ఉత్తరం మొదలుపెట్టే ముందు అడగవలసిన ప్రశ్న ఇదే: వీరిలో గౌరవం ఏ ముక్కకు దక్కుతుంది?

చైనా, జపాన్, కొరియా, వియత్నాం దేశాల్లో మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది. చైనాలో వాంగ్, లీ, జాంగ్ అనే మూడు ఇంటిపేర్లలో ఒక్కొక్కటి తొమ్మిది కోట్లకు పైగా జనానికి ఉంది. పెళ్లయినా స్త్రీ ఇంటిపేరు మారదు, కనుక భార్యాభర్తలకు వేర్వేరు ఇంటిపేర్లుంటే ఆశ్చర్యపడరాదు. గౌరవపదం అక్కడ ఇంటిపేరుకే. జపాన్‌లోనూ 'సాన్' అనేది ఇంటిపేరుకే చేరుతుంది. అక్కడ సామాన్యులందరూ ఇంటిపేరు పెట్టుకోవడం తప్పనిసరి అయినది 1875లో. భార్యాభర్తలు ఒకే ఇంటిపేరు కలిగి ఉండాలని చట్టమే చెబుతుంది. తనక అనే ఇంటిపేరులోని రెండు అక్షరాలకు వరిచేను, నడుమ అని అర్థం. వరి పండించే మనకు అది దగ్గరగానే అనిపిస్తుంది. ఒక్క చిక్కు ఏమిటంటే, జపాన్‌వారు విదేశీయులకు రాసేటప్పుడు చాలాకాలం పేరును తిరగేసి రాశారు. 2020 నుండి అక్కడి ప్రభుత్వ పత్రాల్లో రోమన్ లిపిలో కూడా ఇంటిపేరే ముందు వస్తోంది గాని, వ్యాపార కార్డుల్లో రెండు వరుసలూ కనిపిస్తాయి. మొత్తం పెద్దక్షరాల్లో ఉన్న ముక్క సాధారణంగా ఇంటిపేరు.

వియత్నాం వారి పేరు చూడడానికి చైనావారి పేరులా ఉన్నా పిలుపు మనవంటిదే. జనాభాలో సుమారు మూడోవంతుకు న్గుయెన్ అనే ఒక్క ఇంటిపేరే ఉన్నందున, గౌరవం చివరి ముక్కకే చేరుతుంది. భీమవరం నుండి రొయ్యల సరుకు గురించి రాసేవారు ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే చాలు.

కొరియాలో ప్రతి ఐదుగురిలో ఒకరు కిమ్. ఇంతమందిలో చుట్టరికం తేల్చడానికి వారు మూలస్థానాన్ని చెబుతారు: కిమ్‌హే ఊరి కిమ్ వంశం ఒకటి, ఇతర ఊళ్ల కిమ్‌లు వేరు. ఇంటిపేరూ మూలస్థానమూ ఒకటైనవారు పెళ్లాడరాదన్న చట్టం ఉండేది. 1997లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దానిని చెల్లదన్నది. సగోత్రం, ఒకే ఇంటిపేరు అని సంబంధాలు వదులుకునే మన పెద్దలకు ఈ సంగతి ప్రత్యేకంగా విడమరచి చెప్పనక్కర లేదు.

అరబ్బు దేశాల్లో పేరు ఒక వంశక్రమం: మొదట మనిషి పేరు, తర్వాత తండ్రి పేరు, ఆ తర్వాత తాత పేరు, చివర తెగదో ఊరిదో కుటుంబానిదో పేరు. బిన్ అంటే కుమారుడు, బింత్ అంటే కుమార్తె. గౌరవం మొదటి పేరుకు. కోనసీమ నుండి ఇళ్లలో పనికి వెళ్లే ఆడవారికి తొలుత వినిపించే పిలుపు 'ఉమ్మ్ ఫలానా', అంటే ఫలానా అబ్బాయి తల్లి అని. పెద్దకొడుకు పేరుతో తల్లిని పిలవడం అక్కడ మర్యాద. అబ్దుల్ అనే మాట ఒక్కటే పేరు కాదు, దాని తర్వాత వచ్చే దైవనామంతో కలిపి పలకాలి.

రష్యాకు వైద్యవిద్యకు వెళ్లేవారు ఉపాధ్యాయులను పేరు, తండ్రి పేరు కలిపి పిలవాలి: వ్లాదిమిర్ వ్లాదిమిరోవిచ్ అన్నట్లు. ఇంటిపేరు స్త్రీలకు తరచుగా 'ఆ'కారంతో ముగుస్తుంది. అక్కడి పత్రాల్లో తండ్రి పేరుకు గడి ఉంటుంది. పాస్‌పోర్టులో లేనిదాన్ని అందులో కల్పించరాదు. ఫిలిప్పీన్స్‌లో మధ్య పేరు అంటే తల్లి పుట్టింటి ఇంటిపేరు. అక్కడివారికి స్పానిష్ ఇంటిపేర్లు ఉండడానికి కారణం 1849లో గవర్నర్ క్లవేరియా పట్టిక నుండి పేర్లు పంచిపెట్టించిన ఉత్తర్వు. కనుక మన వెంకట, సత్య వంటివి వారి లెక్కలో మధ్య పేరు కావు. పాస్‌పోర్టు చూపించి పేరు గడిలోనే రాయించాలి. స్పెయిన్‌లో ఇంటిపేర్లు రెండు, తండ్రిది ముందు, తల్లిది తర్వాత: టెన్నిస్ ఆటగాడు రఫేల్ నడాల్ పరేరాలో నడాల్ తండ్రి వైపుది. పోర్చుగీసువారిది సాధారణంగా దీనికి తలకిందులు.

ఇంటిపేరే లేనివారూ ఉన్నారు. ఐస్‌లాండ్‌లో తండ్రి పేరుకు కొడుకైతే 'సోన్', కూతురైతే 'దోత్తిర్' చేరుస్తారు. 1980లో అధ్యక్షురాలిగా ఎన్నికైన విగ్దిస్ ఫిన్‌బొగదోత్తిర్‌ను అందరూ విగ్దిస్ అనే అన్నారు, టెలిఫోన్ పుస్తకం కూడా అక్కడ పిలిచే పేర్ల వరుసలోనే ఉండేది. బర్మాలోనూ ఇంటిపేరు లేదు: ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన ఊ థాంట్ పేరు థాంట్ మాత్రమే, 'ఊ' అన్నది మన 'గారు' వంటిది. కోరంగి రేవు నుండి ఓడలెక్కి రంగూన్ వెళ్లిన మనవారిని బర్మాలో ఇంటిపేరుతో పిలిచింది లేదు, అందరినీ కలిపి 'కోరంగీలు' అన్నారు.

ఎంత చదివినా అనుమానం మిగిలితే, 'మిమ్మల్ని ఏ పేరుతో సంబోధించమంటారు?' అని మొదటి ఉత్తరంలోనే అడగడం ఏ దేశంలోనూ తప్పు కాదు.

తప్పు పడిన పేరును సరిచేయించడం

సవరణకు వరుస ముఖ్యం. మొదట జనన ధ్రువపత్రం, పదో తరగతి జాబితా పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ ఒకటే చెబుతుంటే వాటిని ముట్టుకోకుండా, ఆధార్‌ను వాటి ప్రకారం సచివాలయంలోనో ఆధార్ కేంద్రంలోనో సరిచేయించి, తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకు ఖాతా, చివరన పాస్‌పోర్టు మార్చుకోవాలి. పాస్‌పోర్టులో గడులు తారుమారైతే అదే పుస్తకంలో దిద్దరు, తిరిగి జారీకి దరఖాస్తు చేయాలి. పేరునే పూర్తిగా మార్చదలిస్తే నోటరీ ముందు అఫిడవిట్, వార్తాపత్రికల్లో ప్రకటన, గెజిట్‌లో ప్రచురణ అవసరమవుతాయి. గెజిట్ ప్రతులు అదనంగా తీసి ఉంచుకోవాలి, ఎందుకంటే పాత పేరుతో ఉన్న పట్టాలు మారవు. వాటితో పాటు ఈ ప్రతిని జతచేయవలసిందే. వీసా ముద్ర పడిన తర్వాత ఈ పని మొదలుపెడితే వీసా కూడా మళ్లీ తీసుకోవలసి రావచ్చు కాబట్టి, కళాశాలకు గాని యజమానికి గాని పాస్‌పోర్టు నకలు పంపక ముందే సవరణలన్నీ ముగించుకోవాలి.